పట్నం ఎవరికి పాడుబడింది?

తెనాలి గురించి ఎవరు కలం పట్టినా మొదటి పేరాలోనే 'ఆంధ్రా ప్యారిస్' వచ్చి కూర్చుంటుంది. ఆ వెనకాలే మూడు కాలవలు, శ్రీరామ విలాస సభ, స్థానం నరసింహారావు సత్యభామ వేషం, సూతాశ్రమం, చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు. చివర్లో ఒక నిట్టూర్పు: ఆ రోజులు పోయినయ్, ఊరు పాడుబడింది. బాపట్ల మీద రాస్తే భావనారాయణస్వామి గుడి, 1913 నాటి ఆంధ్ర మహాసభ, వ్యవసాయ కళాశాల. రేపల్లె మీద రాసేవాళ్ళు తక్కువ. రాసినా రైలు పట్టాలు అయిపోయే ఊరనే రాస్తారు. ఈ రాతలన్నిటికీ ఒక కొలబద్ద ఉంది. అది ఎవరి చేతిలో ఉందన్నదే మా పేచీ.

పట్నం పెరిగిందన్నప్పుడు ఎవరి లెక్కన పెరిగింది? పాడుబడిందన్నప్పుడు ఎవరికి పాడుబడింది? ఇప్పుడు మళ్ళీ బాగుచేస్తామంటున్నారే, ఎవర్ని పక్కకి జరిపి బాగుచేస్తారు? ఈ మూడు పట్నాల మీద వచ్చిన రాతల్లో వీటికి జవాబు దొరకదు. దొరక్కపోవడం యాదృచ్ఛికం కాదు.

పెరగడం సంగతి ముందు చూద్దాం. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలవలొచ్చినయ్. డెల్టా మాగాణి అయింది. 1899లో బెజవాడ, మద్రాసు రైలుదారి తెనాలి, బాపట్లల మీదుగా కలిసింది. 1916లో తెనాలి నుంచి రేపల్లెకి కొమ్మ లైను పడింది. తెనాలికి మునిసిపాలిటీ 1909లోనే వచ్చింది. పంట మీద డబ్బు, డబ్బు మీద మిల్లు, మిల్లు మీద నాటకం, నాటకం మీద సినిమా. పట్నం కథని ఇట్లాగే చెప్తారు. నిజమే, కానీ ఈ వరసలో ఒక మెట్టు ఎప్పుడూ రాతకెక్కదు. ధాన్యం తనంతట తాను మిల్లుకి నడిచి పోలేదు గదా. నాటు వేసినవాళ్ళు, కోత కోసినవాళ్ళు, కుప్ప నూర్చినవాళ్ళు, చచ్చిన గొడ్డుని మోసి ఆ తోలుతో చెప్పు కుట్టినవాళ్ళు మాలపల్లెలోనూ మాదిగగూడెంలోనూ ఉండిపోయారు. వాళ్ళ చెమటలోంచి మిగిలిన మిగులు మాత్రం రైలెక్కి పట్నం చేరింది. మిగులు వెళ్ళిన చోటికి మనుషులు వెళ్ళడానికి ఇంకో అరవై డెబ్బై ఏళ్ళు పట్టింది. వెళ్ళింది కూడా పనికోసం మాత్రమే కాదు, ప్రాణం కోసం. ఆ సంగతికి తర్వాత వస్తాం.

తెనాలికి తిరుగుబాటు సంప్రదాయం ఉందిగా అంటారు. ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో 'శంబూకవధ' రాశాడు. రాముడి చేత చంపించుకున్న శూద్రుడి పక్షాన నిలబడి పురాణాన్ని నిలదీయడం ఆ రోజుల్లో తక్కువ సాహసం కాదు. దాన్ని మేం తీసిపారెయ్యం. అయితే ఆ ఉద్యమం పట్నంలో ఏం చేసిందో కూడా చూడాలి. బడి, హాస్టలు, పత్రిక, పెళ్ళి మంత్రం, మునిసిపల్ కుర్చీ: వీటిని బ్రాహ్మణుడి చేతిలోంచి భూమి ఉన్న శూద్రుడి చేతిలోకి మార్చింది. భూమి జోలికి పోలేదు. శంబూకుడి తల తెగినందుకు కన్నీరు పెట్టిన కవిత్వం, అదే శంబూకుడి కొట్టంలో ఏడాది పాలేరుగా ఉన్నవాడి కూలిని లెక్కించలేదు. తెనాలి బ్రాహ్మణేతరోద్యమాన్ని పొగిడే వ్యాసాలు ఈ గీత దగ్గరే ఆగిపోతాయి. గీత అవతల ఏముందో ఆ వ్యాసాలకి పట్టదు.

నవలల సంగతీ ఇంతే. కొడవటిగంటి 'చదువు' మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఒక బ్రాహ్మణ కుర్రవాడు సుందరం ఎట్లా చదువుకున్నాడో చెప్తుంది. మధ్యతరగతిని అంత నిర్మొహమాటంగా విప్పిన నవల తెలుగులో అరుదు. అయినా ఆ చదువు ఎవరికి అందలేదన్నది దాని ప్రశ్న కాదు. శారద ఇంకో దారి. తమిళ దేశం నుంచి కుర్రతనంలో తెనాలి వచ్చి, హోటళ్ళలో పనిచేస్తూ, తెలుగు నేర్చుకుని, 'మంచీ చెడూ', 'అపస్వరాలు' రాసి, 1955లో ముప్పై ఒకటో ఏట పోయాడు నటరాజన్. పట్నాన్ని ముందు గదిలోంచి కాక హోటల్ వెనక వంటింట్లోంచి చూసినవాడు. తెనాలి రచయితల్లో మాకు దగ్గరివాడనిపించేది ఆయనే. కానీ ఆ కాలపు బ్రాహ్మణ హోటల్లో ఎంగిలి గ్లాసు కడిగే పనికి కూడా కులం అడ్డొచ్చే మనుషులున్నారు. వాళ్ళు ఆ వంటింటి గోడ బయట ఉన్నారు. పట్నంలో అట్టడుగు ఎక్కడుందో శారద చూపించాడని మురిసేవాళ్ళకి, ఆ అడుగు కింద ఇంకో అడుగు ఉందని గుర్తు చెయ్యాలి.

ఈ లోటుని 1922లో వచ్చిన 'మాలపల్లి' కొంత పూడ్చింది. ఉన్నవ లక్ష్మీనారాయణ గాంధేయ సంస్కర్తే, ఆయన రామదాసు మనకి నచ్చనంత సాధువే. ఒప్పుకుంటాం. అయితే ఆ నవలలో ఒక చోటు ఉంది, విమర్శకులు దాని మీద నిలబడరు. భూమి పోగొట్టుకున్న కుటుంబం చివరికి నేరస్తుల సెటిల్మెంటుకి చేరుతుంది. తెలుగు నవలలో పల్లె నుంచి వెళ్ళగొట్టబడ్డ దళితుడు చేరిన మొదటి చోట్లలో అదొకటి. పట్నం కాదు, సెటిల్మెంటు. అది కేవలం ఊహ కాదు. బాపట్ల, చీరాలల మధ్య స్టువార్టుపురం ఉంది. 1911 నేరస్త జాతుల చట్టం కింద ఎరుకల వాళ్ళని తెచ్చి కుదేసిన ఊరది. సాల్వేషన్ ఆర్మీ నడిపింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువార్ట్ పేరు పెట్టారు. అక్కడి మనుషులు చీరాలలో పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. హాజరు వేయించుకోకుండా ఊరు దాటకూడదు. చట్టాన్ని 1952లో ఎత్తేశారు, పేరు మీద పడ్డ మచ్చని ఎత్తెయ్యలేదు. తెలుగు సినిమా ఆ మచ్చని టికెట్లకి అమ్ముకుంది కూడా. బాపట్ల చరిత్ర అంటే 1913 మహాసభ అని రాసే పెద్దలు, అప్పుడే, అదే తాలూకాలో, అదే రైలు పట్టాల పక్కన, ముళ్ళకంచె మధ్య ఇంకో ఊరు కట్టారని ఒక్క వాక్యం రాస్తే ఏం పోయింది?

1913లో బాపట్లలో ఆంధ్రుల సభ జరిగింది. ఆంధ్రులంటే ఎవరన్న ప్రశ్న అక్కడ రాలేదు. నాలుగేళ్ళకి, 1917లో, బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన పంచముల సభ ఆ ప్రశ్నకి తనంతట తానే జవాబిచ్చింది: మేం పంచములం కాదు, ఆది ఆంధ్రులం. మొదటి సభ పట్నాల చరిత్రలోకెక్కింది, రెండోది దళిత చరిత్రలోకెక్కింది. చరిత్రని ఇట్లా రెండు అరల్లో సర్దడం మన విశ్వవిద్యాలయాల్లో ఇంకా నడుస్తూనే ఉంది.

ఇక అసలు సంగతి. ఈ పట్నాలకి ఇంకో పంచాంగం ఉంది. అందులో మొదటి తేదీ 1985 జులై 17. కారంచేడులో ఆరుగుర్ని చంపారు. బతికినవాళ్ళు ఎక్కడికి పోయారు? చీరాలకి. చర్చి ఆవరణ వాళ్ళకి శిబిరమైంది, తర్వాత అక్కడే విజయనగర్ కాలనీ లేచింది. ఒక పల్లెలోని దళితులు మొత్తంగా పల్లెని కాదని పట్నంలో కాపురం పెట్టడం కోస్తా చరిత్రలో చిన్న విషయం కాదు. చీరాల 'అభివృద్ధి' గురించి రాసేవాళ్ళు చేనేతని రాస్తారు, పొగాకుని రాస్తారు. ఈ కాలనీని పట్నం పెరుగుదలలో భాగంగా లెక్కించినవాళ్ళని మేం చూళ్ళేదు. అది 'బాధితుల పునరావాసం' అనే వేరే ఫైల్లో ఉంటుంది. అదే ఏడు సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. ఎక్కడ? తెనాలిలో. బొజ్జా తారకం, కత్తి పద్మారావు ముందు నిలబడ్డ ఆ సభ రాష్ట్ర రాజకీయాల భాషనే మార్చింది. తెనాలి సాంస్కృతిక వైభవం మీద రాసిన వ్యాసాల్లో నాటక సమాజాల పుట్టుక ఉంటుంది, దళిత మహాసభ పుట్టుక ఉండదు. అది సంస్కృతి కాదు కాబోలు.

రెండో తేదీ 1991 ఆగస్టు 6, చుండూరు. తెనాలిలో రైలెక్కి బాపట్ల వైపు పోతుంటే తగిలే చిన్న స్టేషను అది. ఆ స్టేషను ఉండబట్టే అక్కడి దళితుల్లో కొందరికి చదువు అందింది, కొందరికి రైల్వేలో కొలువు దొరికింది. ఆసామి చేలోకి పోకపోతే పూట గడవదన్న స్థితి కొంచెం సడలింది. గొడవ మొదలైంది ఎక్కడో గుర్తుందా? సినిమా హాల్లో. ముందు వరసలో కూర్చున్న అగ్రకులం వాడికి ఒక చదువుకున్న దళిత యువకుడి కాలు తగిలింది. సినిమా హాలు కులం అడగదు, టికెట్టే అడుగుతుంది అని చెప్పే సాంస్కృతిక విమర్శకులు ఈ ఒక్క హాలుని చూడాలి. పట్నం తయారుచేసిన వస్తువుల్లో సినిమా హాలొకటి, రైలొకటి, డిగ్రీ ఒకటి. మూడూ పల్లెలోకి వచ్చినయ్. మూడూ దళితుడి చేతికి అందేసరికి నెల రోజుల సాంఘిక బహిష్కారం వచ్చింది, ఆ తర్వాత ఊళ్ళో పోలీసులుండగానే ఎనిమిదిమంది శవాలైపోయారు. గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో పడేశారు. డ్రెయిన్ అంటే ఏమిటనుకున్నారు? కాలవ నీళ్ళు పొలం తడిపి, మిగిలింది సముద్రంలోకి పోయే మురుగు దారి. డెల్టా అభివృద్ధి పాఠంలో కాలవ బొమ్మ వేస్తారు, డ్రెయిన్ బొమ్మ వెయ్యరు.

బతికినవాళ్ళు తెనాలి చేరారు. చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మా వాదన ఇక్కడ నిలబడుతుంది. 'ఆంధ్రా ప్యారిస్' వాడిపోయిందని అందరూ విచారిస్తున్న ఆ కాలంలోనే తెనాలి కొన్ని వందలమందికి బతికి ఉండే చోటైంది. కమ్మ, రెడ్డి ఆసాముల పిల్లలు హైదరాబాదుకీ అమెరికాకీ పోతుంటే పట్నం పాడుబడుతోందన్నారు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని పట్నంలోకి వచ్చినవాళ్ళు ఆ లెక్కలోకి రాలేదు. పోయినవాడి ఇల్లు ఖాళీ అయితే పట్నానికి క్షీణత, వచ్చినవాడి గుడిసె లేస్తే పట్నానికి మురికివాడ. రెండు కదలికలకీ మూలం ఒకటే, డెల్టా భూమి. ఒకడు ఆ భూమిని అమ్మి, కౌలుకిచ్చి పోయాడు. ఇంకొకడికి ఆ భూమి మీద నిలబడే చోటు లేకుండా చేశారు.

పట్నం దళితుడికి స్వర్గమని మేం అనడంలేదు. పల్లె అజ్ఞానపు గుంట అని 1948లో రాజ్యాంగ సభలో అంబేద్కర్ తేల్చి చెప్పాడు. పల్లె విడిచిరావాలన్నది మన ఉద్యమాలకి పాఠం. పాఠం సరైందే, కానీ పట్నంలో దిగిన తర్వాత ఏమవుతుందో ఆ పాఠం పూర్తిగా చెప్పదు. తెనాలిలో గాని బాపట్లలో గాని అద్దె ఇల్లు అడిగిచూడండి. పేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, ఇంటిపేరు అడుగుతారు, ఏ చర్చికి పోతారని అడుగుతారు. కులం తప్ప అన్నీ అడిగి కులం తెలుసుకుంటారు. మాంసం వండేవాళ్ళకి ఇవ్వమంటారు. అడిగేవాళ్ళింట్లో ఆదివారం కోడి ఉడుకుతూనే ఉంటుంది. చివరికి మిగిలేది పేట, కాలవ గట్టు, రైలు కట్ట పక్కన పోరంబోకు. పల్లెలో వాడ పడమరనో దక్షిణానో ఉండేది. పట్నంలో వాడ నీళ్ళు పల్లంగా ఎటుపోతే అటు ఉంటుంది.

పల్లం అన్నది ఊరికే అన్న మాట కాదు. 1977 నవంబరు 19 తుపాను బాపట్ల, రేపల్లె తీరాన్నంతా ఊడ్చేసింది. 2010 మేలో లైలా, 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటినయ్. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వదిలితే కొల్లూరు, రేపల్లె వైపు లంకలు మునిగినయ్. తుపాను కులం చూడదంటారు. చూడదు నిజమే. మెరక మాత్రం కులం చూసే పంచుతారు.

పోనీ, క్షీణత అంటున్నదైనా ఏమిటి? 2011 జనాభా లెక్కల్లో తెనాలిలో లక్షా 65 వేలమంది, బాపట్లలో 71 వేలు, రేపల్లెలో 51 వేలు. జనం తగ్గి ఖాళీ అయిన ఊళ్ళు కావివి. సినిమా హాళ్ళు కల్యాణ మండపాలైనయ్, నాటకాలు పరిషత్తుల్లో మిగిలినయ్, పెద్ద డాబాలకి తాళాలు పడ్డయ్. దీన్ని క్షీణత అంటున్నారు. అసలు దెబ్బ ఇంకో చోట తగిలింది. వరి కోతకి మిషన్లొచ్చినయ్. రేపల్లె, నిజాంపట్నం వైపు వరిచేలు రొయ్యల చెరువులైనయ్. చెరువు తవ్వేదాకే కూలి, ఆ తర్వాత ఎకరాలకి ఎకరాలు ఒకడిద్దరు కాపలా మనుషులు చాలు. వరి మాగాణిలో మినుము పీకే పనిలో ఆడవాళ్ళకి దొరికిన రోజులు పోయినయ్. ఆ కూలి పోవడమే ఈ పట్నాలకి మనుషుల్ని తోసింది. వచ్చినవాళ్ళు తాపీ పనిలో, ఆటోలో, ఆసుపత్రి ఆయాగా, అన్నిటికంటే ఎక్కువగా మునిసిపాలిటీ చీపురు పట్టుకుని కనపడతారు. ఆ చీపురు కూడా పర్మినెంటు కాదు, కాంట్రాక్టు. 279 నంబరు జీవో మీద పారిశుధ్య కార్మికులు ఎందుకు రోడ్డెక్కారో పట్నం మేధావులకి తెలీదు, చెత్త పేరుకున్న రోజున మాత్రం వాసన తెలిసింది. ఈ పనిలో ఎవరు మాలలు, ఎవరు మాదిగలు, ఎవరు రెల్లివాళ్ళు అని కూడా అడగాలి. పేట అంతా ఒకటే అనుకోవడం, దండోరా వచ్చి మూడు దశాబ్దాలైన తర్వాత, విమర్శకి తగని సోమరితనం.

ఇప్పుడు బాగుచేసే రోజులు. 2014 చివర్లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ వచ్చింది, తెనాలి ఆ ప్రాంతంలో చేరింది. అమరావతిలో కలిసిన ఊళ్ళలో నీరుకొండ ఒకటి. 1987లో దళితుల మీద దాడి జరిగి ఒక వృద్ధుడి ప్రాణం పోయిన నీరుకొండే. ఇప్పుడక్కడ పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయం ఉంది. భూ సమీకరణలో పట్టా భూమికి ఇచ్చిన వాటా అసైన్డ్ భూమికి ఇవ్వకుండా, తరగతులు విడగొట్టి తగ్గిస్తూ 2016లో 41వ నంబరు జీవో ఇచ్చారు. అసైన్డ్ భూమి ఎవరిదో చెప్పక్కర్లేదు. కొత్త నగరం నక్షాలో మొదటి గీతే పాత గీత మీద పడింది.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా అయింది. కలెక్టరాఫీసు వచ్చింది, స్థలాల ధరలు లేచినయ్, సూర్యలంక బీచికి రిసార్టులొస్తున్నయ్, 216 నంబరు జాతీయ రహదారి రేపల్లెనీ బాపట్లనీ చీరాలనీ కలుపుతోంది. 2006లో పెనుమూడి, పులిగడ్డ వంతెన పడ్డ తర్వాత రేపల్లె ఇక దారి అయిపోయే ఊరు కాదు. ఇవన్నీ మంచివే. ఎవరూ వద్దనలేదు. రోడ్డు వెడల్పైతే ముందు పోయేది రోడ్డు వారన ఉన్న బడ్డీకొట్టు, కాలవ గట్టు సుందరీకరణ అయితే ముందు పోయేది గట్టు మీద గుడిసె. గుడిసెకి పట్టా లేదు. ఎందుకు లేదు? పల్లె నుంచి వెళ్ళగొట్టినప్పుడు ఎవరూ పట్టా చేతికిచ్చి పంపలేదు. ఆక్రమణ అనే మాటని మునిసిపల్ నోటీసు ఎంత తేలిగ్గా వాడుతుందో, పట్నం చరిత్ర రాసేవాళ్ళూ అంతే తేలిగ్గా వాడతారు. డెల్టాలో ఎవరు ఎవరి భూమిని ఆక్రమించారన్న ప్రశ్న వేస్తే ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి రాదు.

బదులుగా ఇస్తున్నదేమిటి? 2020లో పంచిన ఇళ్ళ స్థలాలు పట్నాల్లో ఒక సెంటు. అంటే 48 గజాల చిల్లర. అంతకుముందు మొదలైన టిడ్కో ఇళ్ళలో చిన్నది 300 చదరపు అడుగులు. రెండిటినీ చులకన చెయ్యం, ఆడమనిషి పేరు మీద కాగితం రావడం గొప్ప సంగతే. కానీ అవి ఎక్కడున్నయ్? చాలా చోట్ల ఊరి చివర, పల్లపు పొలంలో. తెల్లారి నాలుగింటికి చీపురు పట్టాల్సిన మనిషి అక్కడి నుంచి ఎట్లా వస్తుంది? వేల ఇళ్ళు ఒకే చోట, ఒకే రకం మనుషులకి కడితే దాన్ని కాలనీ అంటారు. దాని పాత పేరు వేరే ఉంది.

ఐతానగర్ గురించి చెప్పి ముగిస్తాం. తెనాలిలో ఐతానగర్ పేరు రెండు రకాల రాతల్లో కనపడుతుంది. ఒకటి: 1908లో చక్రపాణి పుట్టిన చోటు. రెండు: 2025 మేలో బయటపడ్డ వీడియో. పట్టపగలు నడిరోడ్డు మీద ముగ్గురు యువకుల్ని కూర్చోబెట్టి పోలీసులు అరికాళ్ళ మీద లాఠీలతో కొట్టడం అందులో ఉంది. దళిత, ముస్లిం యువకులని పత్రికలు రాసినయ్. కానిస్టేబుల్ మీద దాడి చేశారన్నది వాళ్ళ మీద ఆరోపణ. ఆ తర్వాత జరిగిన చర్చంతా వాళ్ళ మీద ఎన్ని కేసులున్నయ్, గంజాయి ఉందా లేదా అన్న దాని చుట్టూనే తిరిగింది. నేరం రుజువైతే కోర్టు శిక్ష వేస్తుంది. రోడ్డు మీద కొట్టే అధికారం ఎక్కణ్ణుంచి వచ్చింది? స్టువార్టుపురంలో హాజరు వేసిన కళ్ళే ఈ పేటని చూస్తున్నాయని మేమంటే అతిశయోక్తి అంటారు. అనండి. పెద్ద డాబాలున్న వీధిలో ఎవరి అరికాళ్ళ మీదా లాఠీ పడిన వీడియో రాలేదు.

చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు ఆ ఊళ్ళోనే కూర్చుంది. బాధితులు పట్టుబట్టి సాధించుకున్న కోర్టు అది. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. 2022లో చుండూరు మండలం గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాకి మారింది, కారంచేడూ ఆ జిల్లాలోకే వచ్చింది. కలెక్టరుకి అర్జీ పెట్టాలంటే చుండూరు మనిషి ఇప్పుడు తెనాలి వైపు రైలు కాక బాపట్ల వైపు రైలు ఎక్కాలి. కొత్త జిల్లా చరిత్ర రాయించేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు పూనుకుంటారు. భావనారాయణస్వామి గుడి తర్వాత వాళ్ళు ఏ తేదీ వేస్తారో చూస్తాం.